పాట కింద తెలుగు: ఒత్తులకు చోటేది?

సంపాదకులకు నమస్కారం.

విజయనగరంలో ఇరవై ఏళ్లుగా పిల్లలకు కీబోర్డు, వయొలిన్ నేర్పుతున్నాను. అయిదు గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్‌లో పాటలు అచ్చువేసి ఇచ్చేటప్పుడు సాహిత్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో వేయడం మా వృత్తిలో అలవాటైపోయింది. కల, కళ, కాల అనే మూడు మాటలూ ఆ అక్షరాల్లో ఒక్కలాగే కనబడతాయి కనుక, పిల్లలు తోచినట్టు పాడుకుంటారు. 1919లో సంగీత కళాశాల ఏర్పడి, ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి అధ్యక్షులుగా ఉన్న ఊళ్లో ఇది చిన్న లోపమని నేను అనుకోను. సాఫ్ట్‌వేర్‌కు తెలుగు రాదని సాకు చెబుతుంటాం. నిజానికి వస్తుంది, ఫాంటునూ కొలతలనూ మార్చుకునే ఓపికే మనకు లేదు.

కిందటేడు పైడితల్లి అమ్మవారి జాతర రోజుల్లో పిల్లల చేత పాడించడానికి నేనే రెండు చరణాల పాట కట్టి, కంప్యూటర్లో నొటేషన్ రాసే సాఫ్ట్‌వేర్ అయిన మ్యూజ్‌స్కోర్‌లో రాసుకున్నాను. అందులో మామూలుగా వచ్చే ఎడ్విన్ ఫాంటులో తెలుగు అక్షరాలే లేవు కాబట్టి కంప్యూటరు తనకు దొరికిన మరో తెలుగు ఫాంటును తెచ్చి పెట్టింది. స్టైల్ విభాగంలోకి వెళ్లి సాహిత్యపు ఫాంటు మార్చాను. మొదటి చరణం చక్కగా వచ్చింది, రెండోది పాత రూపంలోనే ఉండిపోయింది. బేసి వరుసలకు ఒకటి, సరి వరుసలకు ఒకటి చొప్పున అక్కడ రెండు వేర్వేరు స్టైళ్లు ఉంటాయని, రెండింటినీ మార్చాలని ఒక పూటంతా వెతికాక గానీ తెలియలేదు. తీరా ఆ ఫైలును డీటీపీ షాపుకు పట్టుకెళ్తే, అక్కడి కంప్యూటర్లో నేను వాడిన ఫాంటు లేక అక్షరాలన్నీ మళ్లీ మారిపోయాయి. షాపువాళ్ల తప్పేమీ లేదు. ఇంట్లోనే పీడీఎఫ్ చేసుకుని ఉంటే ఫాంటు అందులోనే ఇమిడి వచ్చేది.

అసలు చిక్కు ఒత్తులది. ఇంగ్లీషులో గీత కిందికి దిగే అక్షరాలు కొన్నే, అవీ కొంచెమే దిగుతాయి. మన ‘స్త్రీ’కి పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దానికి తోడు క్రావడి. నా పాట మొదటి చరణంలో ‘లక్ష్మి’లోని ‘క్ష్మి’ బాగా కిందికి దిగి, రెండో చరణంలో అదే స్వరం కింద ఉన్న ‘తల్లీ’ గుడిదీర్ఘాన్ని కప్పేసింది. దీర్ఘం కనబడక ఒక పిల్లవాడు ‘తల్లి’ అని కురచగా పాడి, స్వరం ఇంకా రెండు లెక్కలు ఉండగానే ఆగిపోయాడు. అందుకే ఫాంటును దాని అందం చూసి కాక, ఇలాంటి అక్షరాలను చిన్న సైజులో, రెండు వరుసల్లో అచ్చువేసి చూసి ఎంచుకోవాలి. మన ప్రాంతపు పెద్దల పేర్లు పెట్టిన ఫాంటులు రెండు ఉచితంగా దొరుకుతున్నాయి. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు వారి పేరిటిది ప్రధానంగా శీర్షికలకు, పోస్టర్లకు తయారుచేసినది. అభిమానం కొద్దీ ముందు దాన్నే పెట్టి భంగపడ్డాను. గురజాడ వారి పేరిటిది పత్రికల వాడుకకు చేసినది కనుక చిన్నగా వేసినా నా పిల్లలు తడుముకోకుండా చదివారు.

ఫాంటు కుదిరాక కొలతలు చూసుకోవాలి. ఇంగ్లీషుకు సరిపోయే 10 పాయింట్లు మన ఒత్తులకు చాలవు, నేను 12కు తగ్గను. చరణాల మధ్య ఎడం కూడా పెంచుకోవాలి. వెడల్పు అక్షరాలు పక్క స్వరాలను తోసేస్తాయి కాబట్టి వరుసకు నాలుగు బార్లు (నిలువు గీతల మధ్య ఉండే భాగాలు) పట్టే చోట మూడే పెట్టుకోవాలి. కాగితం ఎక్కువవుతుంది, కానివ్వండి.

పదాన్ని విరిచే తీరు కూడా ముఖ్యమే. ఇంగ్లీషు పద్ధతిలో ‘లక్-ష్మి’ అని టైపు చేస్తే మధ్యలో పొల్లు మిగిలి, పిల్లలు అక్కడ గొంతు ఆపేస్తారు. ‘ల-క్ష్మి’ అని విరవాలి. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువవుతుందని ఛందస్సే చెబుతోంది కనుక ‘ల’ను నిడివైన స్వరం కింద పెట్టడానికి సంకోచం అక్కరలేదు. సున్నను మాత్రం ముందు అక్షరం నుంచి విడదీయకూడదు. సాగదీసే చోట మన స్వరలిపిలో ‘రా ఆ ఆ’ అని అచ్చును మళ్లీ మళ్లీ వేస్తారు. మ్యూజ్‌స్కోర్‌లో ‘రా’ తర్వాత అండర్‌స్కోర్ కొడితే గీత వస్తుంది. నాకు గీతే ఇష్టం గానీ, కొత్తగా చేరిన పిల్లలకు ‘ఆ ఆ’ అని కనబడకపోతే చూపు తప్పిపోతోంది.

పిల్లల పాటల పుస్తకాలు వేసేవారు కనీసం ఒక పేజీ ప్రూఫునైనా తెలుగు సాహిత్యంతో తీసి చూడాలని, మీరు విద్యా పేజీలో ఒకే పాదాన్ని అయిదారు ఫాంటుల్లో, రెండు వరుసల్లో, స్వరాల కింద వేసి చూపించాలని కోరుతున్నాను. దయచేసి 12 పాయింట్లలోనే వేయండి. శీర్షిక సైజులో వేస్తే ఆ పోలిక మా పనికి రాదు.

ఇట్లు,
ఒక సంగీతోపాధ్యాయుడు,
విజయనగరం