తారులో పాలిమర్ కలిపితే చాలదు, పగుళ్ల పరీక్ష జరగాలి

సంపాదకుల వారికి,

అనంతపురంలో మా వీధి తారురోడ్డు వేసి రెండు వేసవులు గడవకముందే మొసలి చర్మంలా పగిలింది. కొన్ని బీటల్లో బొటనవేలు దూరుతోంది. ఎండకు తారు గట్టిపడి పెళుసుబారడం, బరువు వాహనాల కింద పొర పదేపదే వంగడం ఇలాంటి పగుళ్లకు ముఖ్య కారణాలు. ఎస్‌బీఎస్ (రబ్బరులా సాగే ఒక కృత్రిమ పదార్థం) వంటి పాలిమర్ కలిపిన తారు రబ్బరులా సాగి మళ్లీ దగ్గరపడుతుంది కనుక పగుళ్లు ఆలస్యమవుతాయి.

అయితే పాలిమర్ తారుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 15462లో ఉన్న, సాగదీసిన తారును కత్తిరించి ఎంత వెనక్కి వచ్చిందో కొలిచే పరీక్ష తారుకే పరిమితం, కంకర కలిసిన మిశ్రమానికి కాదు. మిశ్రమం సంగతి తెలియాలంటే గుండ్రటి నమూనాను అర్ధచంద్రాకారంగా కోసి, అడుగున గాటు పెట్టి, పగిలేదాకా నొక్కి, పగులు పాకడానికి ఎంత శక్తి పట్టిందో లెక్కించాలి. గట్టి ముక్క ఎక్కువ బరువు మోసి కూడా ఒక్కసారిగా విరగవచ్చు. అందుకే గరిష్ఠ బరువొక్కటే చూడడం పొరపాటని నా అభిప్రాయం. మన ఎండలను దృష్టిలో ఉంచుకొని, నమూనాలను 85 డిగ్రీల ఓవెన్‌లో ఐదు రోజులు ఉంచాక కూడా ఈ పరీక్ష జరపాలి. పాలిమర్ కలిపినవి, కలపనివి పక్కపక్కన పరీక్షించిన ఫలితాలను పని జరిగే చోట బోర్డుపై రాయించాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, అనంతపురం