దానం వేరు, బాకీ వేరు

గౌరవనీయులైన సంపాదకులకు,

క్రైస్తవ మందిరాలు ఆరాధనకూ, వీలైతే కొంత దానధర్మానికీ పరిమితమై, న్యాయాన్యాయాల మాట ప్రభుత్వాలకూ న్యాయస్థానాలకూ వదిలిపెట్టాలని సూచిస్తూ గత వారం మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. ఆవేశంలో రాయకూడదని నాలుగు రోజులు ఆగాను కానీ, మళ్లీ చదివినప్పుడు బాధ ఇంకా పెరిగింది. ఆ వ్యాసకర్త చెప్పినదే నేను ఎన్నో ఏళ్లుగా ప్రసంగ వేదికల మీద నుంచి కూడా వింటున్నాను.

‘కైసరువి (రోమా చక్రవర్తివి) కైసరుకు’ అన్న మాటతో ఆయన చర్చ ముగించారు. అది పన్ను గురించి అడిగినవారికి యేసు చెప్పిన జవాబు. కూలివాడి కష్టం ఎవరి పెట్టెలో చిక్కుకున్నా విశ్వాసి నోరు మెదపకూడదన్న అర్థం అందులో నాకు ఎక్కడా కనబడలేదు. పొరుగువానిని నీవలె ప్రేమించుమన్న ఆజ్ఞ మనందరికీ కంఠతా వచ్చు. అది బైబిలులోని లేవీయకాండము 19వ అధ్యాయం 18వ వచనంలో ఉంది. దానికి ఐదు వచనాల ముందే, 13వ వచనంలో, కూలివాని కూలి మరునాటి వరకు నీ దగ్గర ఉంచుకోకూడదని ఉంది. అదే అధ్యాయం చివరలో త్రాసులూ తూనికరాళ్లూ సరిగా ఉండాలన్న ఆజ్ఞ కూడా ఉంది. ప్రేమను గురించిన వచనాన్ని గోడ మీద రాయించుకుని, కూలిని గురించిన వచనాన్ని పేజీ తిప్పేసి దాటిపోవడం మనకు అలవాటైపోయింది.

యేసును కలిసిన పన్ను వసూలుదారు జక్కయ్య కథ కూడా ఇలాగే సగమే చెబుతారు. ఆయన తన ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అది దానం. తాను అన్యాయంగా తీసుకున్నది ఏదైనా ఉంటే నాలుగింతలు తిరిగి చెల్లిస్తానన్నాడు, అది బాకీ తీర్చడం. ఆ రెండు మాటలూ పలికిన తరువాతనే ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందని ప్రభువు అన్నాడు. కానుకలు అడిగే ఆదివారాలలో మొదటి మాట వినబడుతుంది గాని, రెండవ మాట మీద ఒక్క పూర్తి ప్రసంగమైనా నేను ఇంతవరకు వినలేదు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. మా సంఘం కొత్త మందిరం కట్టుకున్నప్పుడు నిర్మాణ కమిటీలో నేనూ ఒకణ్ణి. ప్రతిష్ఠ రోజున దీపాలకూ వేదిక అలంకరణకూ డబ్బు దొరికింది గాని, గోడలు లేపిన తాపీ పనివారికి అప్పటికి ఐదు నెలల కూలి బాకీ ఉంది. ఆ సంగతి నేను ఎత్తితే, అది కాంట్రాక్టరు చూసుకోవలసిన విషయమనీ, మనం ప్రార్థన చేద్దామనీ పెద్దలు అన్నారు. ఆ పనివారిలో ఇద్దరు ప్రతిష్ఠారాధనకు వచ్చి వెనుక వరుసలో నిలబడ్డారు. ఆరాధన ముగిశాక పేదలకు పంచిన దుప్పట్లలో వారికీ చెరొకటి ఇచ్చి ఫొటో తీయించారు. మనం బాకీ పడ్డ మనిషికి మనమే దాతలమై నిలబడ్డ ఆ ఫొటోలో నేనూ ఉన్నాను. ఆ రోజు నేను గట్టిగా అడ్డుపడనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

న్యాయాన్ని ప్రభుత్వాలకు వదిలేయమన్న వ్యాసకర్త, ఆ పనివారు ఫిర్యాదు పట్టుకుని కార్మిక శాఖ కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో ఒకసారి వారినే అడిగి ఉంటే బాగుండేది. ఒక రోజు అధికారి ఉండరు, మరో రోజు కాగితం సరిగా ఉండదు, ఇంకో రోజు వచ్చే వారం రమ్మంటారు. తిరిగిన ప్రతిసారీ ఒక దినపు కూలి పోతుంది. లూకా సువార్త 18వ అధ్యాయంలోని విధవరాలు కూడా ఇలాగే న్యాయాధిపతి గుమ్మం చుట్టూ తిరిగింది. ఆ ఉపమానాన్ని విసుగక ప్రార్థించడానికి మాదిరిగా చెబుతాం, మంచిదే. కానీ ఆమె అడిగినది దానం కాదు, తన ప్రతివాదికి విరోధంగా న్యాయం. అటువంటి గుమ్మం దగ్గర ఆ పేదవారి పక్కన ఒక సంఘపెద్ద కూర్చుంటే అది రాజకీయం ఎలా అవుతుంది?

ప్రార్థన ఉంటే న్యాయం దానంతటదే వస్తుందనేవారు కరీబియన్ ద్వీపం బార్బడోస్‌లోని కాడ్రింగ్టన్ తోటల చరిత్ర చదవాలి. సువార్త ప్రచారం కోసం 1701లో ఇంగ్లండులో ఏర్పడిన సంస్థే ఆ చెరకు తోటలకు యజమాని. బానిసల చేతనే అక్కడ పని చేయించింది, వారి ఒంటి మీద తన పేరుతో వాత కూడా వేయించింది. అక్కడ ప్రార్థనకు లోటేమీ లేదు. మరోవైపు బానిస వ్యాపారం ఆపమని 1783లో బ్రిటిష్ పార్లమెంటుకు అర్జీ పెట్టిన క్వేకర్లనే క్రైస్తవ శాఖవారూ, 1807లో ఆ వ్యాపారం నిషేధమయ్యేదాకా ఏళ్ల తరబడి పోరాడిన పార్లమెంటు సభ్యుడు విల్బర్‌ఫోర్సూ అదే బైబిలు చదివినవారే. 1833లో బానిసత్వాన్ని రద్దు చేసిన చట్టం పరిహారంగా రెండు కోట్ల పౌండ్లు యజమానులకు కేటాయించింది, వెట్టి చేసినవారికి ఒక్క పెన్నీ ఇవ్వలేదు. ఎవరికి బాకీ ఉన్నామో మరచిపోవడం అంత సులువు. ఇక న్యాయం అడిగినవారితో ‘ఇది సమయం కాదు’ అనే మాట కూడా కొత్తది కాదు. 1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్ జైలు నుంచి, నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ లేఖ రాసింది, అలా సలహా ఇచ్చిన ఎనిమిది మంది మతాచార్యులకే.

రక్షణ కృప వలననే గాని క్రియల వలన కాదని కొందరు నాకు గుర్తు చేస్తారు. నేనూ అదే నమ్ముతాను. కానీ కృప పొందినవాడి చేతి కింద పని చేసినవాడు ఇంటికి ఖాళీ చేతులతో వెళ్లవలసి వస్తే, పక్కింటివారు ఆ కృపను ఎలా గుర్తుపడతారు? బిగబట్టిన కూలి మొరపెడుతోందనీ, ఆ కేకలు సైన్యములకు అధిపతియగు ప్రభువు చెవుల్లో పడ్డాయనీ బైబిలులోని యాకోబు లేఖ చెప్పింది విశ్వాసులు చదువుకోవడానికే కదా.

ఆ తాపీ పనివారికి రావలసినదానిలో కొంత ఇంకా చెల్లలేదు. సంవత్సరాంతపు సమావేశంలో కానుకల లెక్క చదివే వేదిక మీదనే, బాకీ ఉన్న కూలి లెక్క కూడా పేరుపేరునా చదవాలని పెద్దలకు రాతపూర్వకంగా ఇచ్చాను. ఇంతవరకు జవాబు రాలేదు. మీరు దయతో ఈ లేఖ ప్రచురిస్తే, ఆ అర్జీకి దీన్ని జతపరచి మళ్లీ ఇస్తాను.

ఇట్లు,
ఒక సంఘ సభ్యుడు