పింఛను రోజున మా పెద్దవాళ్ల ఎత్తు కూడా కొలిపించండి

ఒడిశా ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఇక్కడి తెలుగు వీధుల్లో అరవై దాటిన ఆడవాళ్లు చాలామంది నడుం వంగిపోయే కనిపిస్తారు. ఇంట్లోవాళ్లు "వయసైపోయింది కదా" అంటారు, ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడా అదే మాట. ఆ మాట వినీ వినీ విసుగొచ్చి మీకు రాస్తున్నాను సార్.

నలభై దాటాక పదేళ్లకి 1 సెంటీమీటరు దాకా ఎత్తు తగ్గడం మామూలే. పూసల మధ్య డిస్కులు పలచబడతాయి, కండ తగ్గుతుంది. కానీ వయసులో ఉన్నప్పటి ఎత్తులో 4 సెంటీమీటర్లు పోయినా, ఇదివరకు కొలిచినదానికంటే 2 సెంటీమీటర్లు తగ్గినా వెన్నెముకకి ఎక్స్‌రే తీయాలి, ఎందుకంటే ఎముక గుల్లబారి పూసలు నలిగిపోయి ఉండొచ్చు. అలా నలిగినవాటిలో సుమారు మూడింట రెండు వంతులు బయటపడనే పడవు. మా అమ్మది ఏళ్ల తరబడి గ్యాస్ నొప్పే అన్నారు, పూస నలిగిందని తెలిసేసరికి ఇంకో పూస కూడా పోయింది. ఒకటి నలిగాక ఇంకోటి నలిగే, తుంటి విరిగే ముప్పు బాగా పెరుగుతుంది. బ్రిటన్‌లో నాలుగు వేలమందికి పైగా మగవాళ్లని ఇరవై ఏళ్ల తేడాతో రెండుసార్లు కొలిచి 2006లో ఫలితాలు ప్రచురించారు, 3 సెంటీమీటర్లు, ఆపైన తగ్గినవాళ్లలో మరణాలు ఎక్కువగా ఉన్నాయి.

పేదరికానికీ దీనికీ సంబంధం ఉంది. చేతి ఎముక, మోకాలి కింది ఎముక వయసుతో పొట్టివి కావు కాబట్టి వాటిని కొలిచి చైనాలో పెద్దవాళ్ల పాత ఎత్తు లెక్కగట్టారు. చదువు లేనివాళ్లు, పల్లెల్లో ఉన్నవాళ్లే ఎక్కువ ఎత్తు పోగొట్టుకున్నారని తేలింది. మా దగ్గర కారణాలు వెతకక్కర్లేదు. చుట్ట మండే కొనని నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు, పళ్లకి రుద్దుకునే పొగాకు ముద్ద గుడాకు లేకపోతే తెల్లవారని ఇళ్లూ ఉన్నాయి, పొగాకు ఎముకని తినేస్తుందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. నలభై రాకుండానే సరిహద్దు దాటి ఆంధ్రాకి వెళ్లి గర్భసంచి తీయించుకున్నవాళ్లు వీధికొకరు కనిపిస్తారు. దానితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోయి ఎముక అప్పటినుంచే కరగడం మొదలవుతుంది. ఇక మోకాళ్ల నొప్పికి ఊళ్లో దొరికే స్టెరాయిడ్ మాత్రలు! రెండు రోజుల్లో నొప్పి పోతుంది, నెలల తరబడి మింగితే ఎముక బోలైపోతుంది. కట్టెలమోపులు, నీళ్లబిందెలు మోసిన నడుములు సార్ ఇవి. తిండి చూస్తే అందరూ తిన్నాక మిగిలిన అన్నం, చారు. 100 గ్రాముల చోళ్లలో, అంటే రాగుల్లో, 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటే తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములకి మించదు, అయినా చోడి అంబలి తాగే ఇళ్లు తగ్గిపోతున్నాయి. 2017లో మిల్లెట్ మిషన్ పేరుతో మొదలైన చిరుధాన్యాల పథకం మా జిల్లాలోనూ ఉంది కదా, ఆ చోళ్లు ముందు ఈ ముసలివాళ్లకి అందాలి.

ఆశా కార్యకర్త ముప్పై దాటినవాళ్లకి ఫారం నింపి నడుం చుట్టుకొలత రాసుకుంటుంది. అంగన్‌వాడీలో పిల్లల ఎత్తు కొలిచే స్కేలుంది. మనవణ్ణి తీసుకొచ్చిన నానమ్మ ఆ పక్కనే కూర్చుంటుంది, ఆమెని మాత్రం ఎవరూ నిలబెట్టి కొలవరు. దీనికి కొత్త బడ్జెట్ కావాలని నేననుకోను. నెలనెలా 15న పింఛను కోసం ముసలివాళ్లంతా పంచాయతీ ఆఫీసుకి ఎలాగూ వస్తారు. ఏడాదికి ఒకసారి ఆ స్కేలు అక్కడికి తెప్పించి, చెప్పులు విప్పించి, ఎత్తు కొలిచి కార్డు మీద రాయించండి. తగ్గినవాళ్లకి జిల్లా ఆస్పత్రిలోనే వెన్నెముకకి పక్కనుంచి ఎక్స్‌రే తీయించండి. ఎముక గట్టితనం కొలిచే డెక్సా స్కాన్ కోసమని మొదటిరోజే బరంపురం పంపిస్తే వంద కిలోమీటర్లు దాటిన బస్సు ప్రయాణం, నలిగిన పూసతో ఆ కుదుపులు ఎవరు తట్టుకుంటారు? మందులు, కాల్షియం, విటమిన్ డి కూడా అక్కడే ఇప్పించండి.

కార్డు ఒడియాతోపాటు తెలుగులోనూ ఉండాలి, ఇంట్లో ఎవరో ఒకరు చదివి చెప్పగలగాలి కదా. ముందు కాశీనగర్ బ్లాకులోనైనా వచ్చే 15న మొదలుపెట్టించండి, కొలవడానికి మనుషులు చాలకపోతే మా వీధి ఆడవాళ్లం వచ్చి పట్టుకుంటాం.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక కూతురు