పెండింగ్ అంటే ఎవరి దగ్గర ఆగినట్టు?

సంపాదకుడు గారికి,

నరసన్నపేటలో ఆన్‌లైన్ దరఖాస్తులు పెట్టే చిన్న షాపు నాది. కొత్త దరఖాస్తుల కంటే, ఇదివరకు పెట్టినవి ఏమయ్యాయో చూసి చెప్పమని వచ్చేవాళ్లే ఎక్కువ. నంబరు కొట్టగానే తెర మీద చాలాసార్లు ఒకటే మాట వస్తుంది, పెండింగ్ అని. "పెండింగంటే ఏటి బాబూ, అయినట్టా, అవనట్టా?" అని ఎదురుగా కూర్చున్న ముసలాయన అడుగుతాడు. ఆ తెర చెప్పినంతకు మించి నేనూ చెప్పలేను. ఈ ఒక్క మాట గురించే ఈ ఉత్తరం.

ఇంగ్లీషులో ఈ మాటకు మూలం 'వేలాడడం' అనే అర్థమున్న లాటిన్ ధాతువు. గడియారంలో పెండ్యులం, మెడలో పెండెంట్, ఉద్యోగికి పడే సస్పెన్షన్ అన్నీ ఆ కుటుంబంవే. ఇంకా తేలని విషయాన్ని పెండింగ్ అంటారు. 'ఫలానాది తేలేవరకు' అనే అర్థంలోనూ వాడతారు. విచారణ ముగిసేవరకు ఉద్యోగిని పక్కన పెడితే 'సస్పెండెడ్ పెండింగ్ ఎంక్వయిరీ' అని ఉత్తర్వులో రాస్తారు. ఇలా వాడినప్పుడు దేనికోసం ఆగిందో ఆ వెంటనే చెప్పి తీరాలి, లేకపోతే వాక్యం పూర్తి కాదు. మనం మాటను తెచ్చుకున్నాం గానీ, దాని వెనక ఉండాల్సిన ఆ ముక్కను అక్కడే వదిలేశాం.

ఇళ్లలో దీన్ని భలేగా వాడుకుంటున్నాం. పెళ్లి సంబంధం నచ్చకపోతే మొహం మీద చెప్పలేక "ప్రస్తుతానికి పెండింగులో పెట్టాం" అంటాం. అవతలివాళ్లకూ అర్థమైపోతుంది, ఎవరి మనసూ నొచ్చుకోదు. అక్కడ అది మర్యాదే. కానీ డబ్బు దగ్గరికొచ్చేసరికి ఈ మాట చేసే పని వేరు. 'బకాయి' అంటే బాకీ పడ్డవాడు ఒకడున్నాడని తెలుస్తుంది. ఉద్యోగుల డీఏ బకాయి అంటే ఇవ్వాల్సింది ప్రభుత్వమని ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. 'డీఏ పెండింగ్' అనగానే ఆ బాకీదారు కనిపించకుండా పోతాడు. దానంతట అదే ఎక్కడో ఆగిపోయినట్టుంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంటుదీ అదే కథ. ఆ మాట చెప్పి కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, పిల్ల తండ్రి ఎవరిని నిలదీయాలి?

భూమి పనుల్లో ఈ అయోమయం మరీ ఎక్కువ. మ్యుటేషన్, అంటే భూమి రికార్డులో పేరు మార్పు, పెండింగ్ అంటే దరఖాస్తును ఇంకా ఎవరూ తెరవలేదనా, వీఆర్వో చూసి పైకి పంపాడనా, సర్వేయర్ కొలతకు రావాలనా, మనమే ఏదో కాగితం ఇవ్వలేదనా? అన్నదమ్ముల కేసులో కోర్టు స్టే ఉన్నా అదే మాటే. వీటిలో కొన్నింటికి మనం ఎదురుచూస్తే చాలు. కొన్నింటికి వెంటనే పరిగెత్తాలి. కాగితం ఇవ్వాల్సింది తామేనని తెలియక, పని అదే అవుతుందిలే అని ఇంట్లో కూర్చున్నవాళ్లను చూశాను. ఆఫీసుకు వెళ్లి గట్టిగా అడిగితే "ఎమ్మార్వో గారి లాగిన్‌లో ఉంది" అని అప్పుడు చెబుతారు. అంటే ఫైలు ఎవరి దగ్గరుందో కంప్యూటరుకు తెలుసు. తెలియనిది దరఖాస్తు పెట్టినవాడికే.

మన జిల్లాలో ఇది చిన్న ఇబ్బంది కాదు. ఇక్కడ ఇంటికొకరు హైదరాబాదులోనో చెన్నైలోనో పనిలో ఉంటారు, తీరం ఊళ్ల మగవాళ్లు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీదికి వెళతారు. సెలవు పెట్టి, కూలి వదులుకుని వచ్చినవాడికి కావాల్సింది ఒక్కటే. తిరుగు టికెట్ ఉంచుకోవాలా, క్యాన్సిల్ చేసుకోవాలా? పెండింగ్ అనే మాట ఆ సంగతి చెప్పదు. దానికంటే తిరస్కరించడమే నయం అనిపిస్తుంది. మ్యుటేషన్ తిరస్కరిస్తే ఆర్డీవో దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. పెండింగ్ మీద అప్పీలు ఏమని రాయాలి?

పెండింగ్‌కు గడువు పెట్టడం సాధ్యం కాదని అధికారులు అనొచ్చు. ఫోన్ పేమెంట్లకు పెట్టారు కదా. మన ఖాతాలో డబ్బు పోయి అవతలివాళ్లకు చేరకపోతే అక్కడా పెండింగ్ అనే వస్తుంది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులోనే దీనికి లెక్క కట్టింది. మనిషి నుంచి మనిషికి పంపే యూపీఐ డబ్బు చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి రావాలి, దుకాణానికి కట్టిందైతే 5 రోజుల్లో రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకే మనకివ్వాలి. రెండు వందలు ఆగితే ఇంత పద్ధతి ఉంది. అరెకరం పొలం కాగితానికి ఆ మాత్రం ఉండొద్దా?

సమాచార హక్కు చట్టం ఉంది, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, నిజమే. నేనే ఎందరికో ఆ దరఖాస్తులు రాసిచ్చాను. కానీ తన ఫైలు ఏ బల్ల మీదుందో తెలుసుకోవడానికి మనిషి ఇంకో దరఖాస్తు పెట్టి ఇంకో నెల ఆగడమేమిటి?

కలెక్టర్ గారికి నా విన్నపం పెద్దదేమీ కాదు. తెర మీద, ఫోన్ మెసేజీలో, ఆఫీసు రసీదులో ఉత్త పెండింగ్ అని వదిలేయొద్దు. 'సర్వేయర్ కొలతకు రావాలి, ఫలానా తేదీలోగా' అనో, 'మీరు వారసత్వ ధ్రువపత్రం ఇవ్వాలి' అనో తెలుగులో ఒక్క వాక్యం చాలు. తెలుగు అధికార భాష అని 1966లోనే చట్టం చేసుకున్నాం, కాబట్టి ఇది కొత్త కోరికేమీ కాదు. 'అపరిష్కృతం' లాంటి మాటలు మాత్రం తేవొద్దు. పెండింగ్ అయినా కాస్త తెలుసు, అది అసలే తెలియదు.

మీ పత్రికతోనూ ఒక మాట. జిల్లా పేజీలో 'పెండింగ్ ప్రాజెక్టులు' అన్న శీర్షిక తరచుగా చూస్తుంటాను. దాని కింద వంశధార నది మీద కట్టాల్సిన నేరడి బ్యారేజీ ఉంటుంది, బిల్లులు రాక ఆగిన పిల్ల కాలువా ఉంటుంది. వంశధార నీటి తగాదా తేల్చే ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చినా, నేరడికి ఒడిశా వైపు భూమి కావాలి, అంటే రెండు రాష్ట్రాలు తేల్చుకోవాల్సిన వ్యవహారం. పిల్ల కాలువకు ఇక్కడి నుంచి బిల్లు పాసైతే చాలు. రెంటినీ ఒకే గాటన కడితే రైతు ఎవరిని అడగాలో తెలియక ఇద్దరినీ వదిలేస్తాడు. ఇకముందు ఆ శీర్షిక పెట్టినప్పుడు ప్రతి పని పక్కన ఎవరి దగ్గర, దేనికోసం ఆగిందో కూడా వేయించండి.

ఇట్లు,
ఒక ఆన్‌లైన్ సెంటర్ నిర్వాహకుడు,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా.