తెలుగు కంపోజింగ్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ కన్నా ఉన్న సోర్స్ కోడ్‌ను చూసుకునేవారు అవసరం

సంపాదకులకు నమస్కారం.

తెలుగు పుస్తకాలు, పత్రికల కంపోజింగ్ కోసం ప్రభుత్వం ఒక కొత్త సాఫ్ట్‌వేర్‌ను మొదటినుంచి రాయించాలని పాఠకుల ఉత్తరాలలో ఈమధ్య వచ్చిన సూచన చదివాను. సూచించినవారి భాషాభిమానం మీద నాకు ఎంతో గౌరవం ఉన్నప్పటికీ, ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో తెలుగు, ఒడియా పనులు రెండూ చేసే చిన్న ప్రెస్సు నడుపుతున్నవాడిగా దానితో ఏకీభవించలేకపోతున్నాను. ఎవరైనా చదివి మార్చుకోదగిన సోర్స్ కోడ్‌తో, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠంతో, మంచి కంపోజింగ్ ప్రోగ్రాములు ఇప్పటికే ఉన్నాయి. వాటిని మన లిపికి తగినట్టు సవరించి, ఆ సవరణలను ఏటేటా కాపాడుకొచ్చే ఏర్పాటు మాత్రం మనం ఇంతవరకు చేసుకోలేదు.

మా ప్రాంతంలో ఒకే కాగితం మీద రెండు లిపులు పడని పని అరుదు. శుభలేఖలు, ఉత్సవాల కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, అన్నీ అంతే. సవర భాషకు సంబంధించిన పుస్తకం వస్తే మూడో లిపి కూడా కావలసి రావచ్చు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరలకు తెలుగు లిపిలో పుస్తకాలు రాశారు. 1936లో మంగేయి గొమాంగో ఆ భాషకు సొరా సోంపెంగ్ అనే ప్రత్యేక లిపిని రూపొందించారు. ఆ లిపి 2012లో, అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంఖ్యా సంకేతాలు ఇచ్చే యూనికోడ్ ప్రమాణంలో చేరింది. ఇటువంటి అవసరాలన్నిటినీ ముందే ఊహించి ఏ సంస్థా మనకు ప్రోగ్రాం రాసిపెట్టదు.

ఇక్కడి ప్రెస్సులు చాలాకాలంగా నడుస్తున్నది సోర్స్ కోడ్ కనబడని పాత డీటీపీ ప్రోగ్రాముల మీద, యూనికోడ్‌కు ముందునాటి ఫాంట్ల మీద. ఆ ఫాంట్లు 256 స్థానాలలో తెలుగు లిపి మొత్తాన్ని ఇరికించడానికి తలకట్లను, గుడులను, వత్తులను ముక్కలు చేసి పెట్టుకున్నాయి. ఫైలులో నిలవ ఉండేది ఆ ముక్కల సంఖ్యలే కనుక, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు వాక్యానికి బదులు అర్థంలేని రోమన్ గుర్తులు కనిపిస్తాయి. నా దగ్గర ఉన్న ఒక ప్రోగ్రాం డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే తాళంచెవి లాంటి చిన్న పరికరం) పెడితే తప్ప తెరుచుకోదు, కొత్త విండోస్‌లో డాంగిల్ పెట్టినా పనిచేయదు. అమ్మిన సంస్థ దాని నిర్వహణ మానేసింది. పాత ఫైళ్ల కోసం ఒక పాత కంప్యూటరును ఇంటర్నెట్‌కు దూరంగా ఒక మూల ఉంచుకోవలసి వస్తోంది. ఇటువంటి కంప్యూటరు మా చుట్టుపక్కల ప్రెస్సులలో ఇంకా కొన్ని చోట్ల కనిపిస్తుంది. ప్రభుత్వం రాయించే కొత్త ప్రోగ్రాం కూడా సోర్స్ కోడ్ ఇవ్వకుండా వస్తే, పదిహేనేళ్ల తరువాత దానికీ ఇదే గతి పట్టదని హామీ ఇవ్వగలవారు లేరు.

దీనికి భిన్నంగా నడిచిన చరిత్ర టెక్ అనే కంపోజింగ్ ప్రోగ్రాముది. తన పుస్తకం రెండో సంపుటి ప్రూఫులు నచ్చక కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్ 1977లో ఆ పని మొదలుపెట్టారు. ఇప్పుడు వాడుకలో ఉన్న టెక్‌కు ఆధారం 1982లో ఆయన తిరగరాసిన రూపం. వెబ్ అనే పద్ధతిలో (ఇంటర్నెట్ వెబ్ కాదు), పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, కోడ్‌నూ దాని వివరణనూ పక్కపక్కనే పెట్టి దాదాపు 1380 చిన్న విభాగాలుగా రాశారు. 1986లో ఆ సోర్స్ కోడ్ మొత్తం పుస్తకంగానే అచ్చయింది. ఆ కోడ్ చివర, పదసూచికకు ముందున్న విభాగాన్ని ఆయన కావాలనే ఖాళీగా వదిలారు. ఏ యంత్రానికైనా ప్రత్యేకంగా చేర్చవలసిన మార్పులు అక్కడ పెట్టుకోమన్నారు. పదసూచికలో కూడా యంత్రాన్ని బట్టి మార్చవలసి రాగల విభాగాల సంఖ్యలన్నీ ఒకే శీర్షిక కింద ఇచ్చారు. తన ప్రోగ్రామును ఇతరులు మార్చుకుంటారని తెలిసి రాసిన మనిషి ఆయన.

మార్పుల పద్ధతిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనం నేర్చుకోవలసినది అందులోనే ఉంది. క్నూత్ రాసిన మూల ఫైలును ఎవరూ ముట్టుకోరు. మార్చదలచినవారు వేరే మార్పుల ఫైలు ఒకటి రాస్తారు. అందులో ఎట్ (@) గుర్తు పక్కన ఎక్స్ పెట్టి మూలంలోని పంక్తులను ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తారు, ఎట్ గుర్తు పక్కన వై పెట్టి వాటికి బదులు రావలసిన పంక్తులు రాస్తారు, జడ్‌తో ముగిస్తారు. పుస్తకం చివర అంటించే తప్పొప్పుల పట్టికలో ‘ఉన్నది, ఉండవలసినది’ అని రెండు వరుసలు వేసినట్టే ఇదీ. టాంగిల్ అనే ప్రోగ్రాం ఈ రెండు ఫైళ్లను కలిపి యంత్రానికి పనికివచ్చే కోడ్ తయారు చేస్తుంది. దీని అసలు ప్రయోజనం మూల ఫైలు మారినప్పుడు తెలుస్తుంది. మనం ఎత్తి రాసిన పంక్తులు కొత్త మూలంలో అలాగే లేకపోతే టాంగిల్ మౌనంగా ముందుకు పోదు. మార్పుల ఫైలులోని ఫలానా భాగం సరిపోలలేదని పంక్తి సంఖ్యతో సహా చెబుతుంది. అప్పుడు కోడ్ అంతా తిరగేయనక్కరలేదు, సరిపోలని చోట్లు మాత్రం చూసుకుంటే చాలు. అయితే పంక్తులు సరిపోలినంత మాత్రాన అర్థం సరిపోలినట్టు కాదు కాబట్టి, మార్పు పక్కన అది ఎందుకు చేశామో నాలుగు మాటలు రాసిపెట్టుకోవడం తప్పనిసరి.

ఇంత కట్టుదిట్టం ఉంది కాబట్టే టెక్ ఇన్నాళ్లు నిలిచింది. 1990లో ఎనిమిది బిట్ల అక్షరాలకు వీలు కల్పించే 3.0 వెర్షన్ ఇచ్చాక, తప్పులు దిద్దడం తప్ప కొత్త సౌకర్యాలు చేర్చనని క్నూత్ ప్రకటించారు. అప్పటినుంచి వెర్షన్ సంఖ్య గణితంలోని పై (π) విలువకు చేరువవుతూ వస్తోంది, 2021 సవరణతో 3.141592653 అయింది, తరువాతి సవరణ 2029లో. మార్చిన ప్రోగ్రామును టెక్ అనే పేరుతో పంచకూడదన్నది ఆయన పెట్టిన షరతు. టెక్ అనిపించుకోవాలంటే ట్రిప్ పరీక్ష నెగ్గాలి. ఆ పరీక్ష ఫైలును ఎవరూ మామూలుగా రాయని వింత పద్ధతిలో, ప్రోగ్రాములోని మూలమూలలను కదిపి చూసేందుకు రాశారు. ఫలితం ఆయన ఇచ్చిన నమూనాతో పోల్చిచూసుకోవాలి.

తెలుగుకు పనికివచ్చే జీటెక్ కూడా ఈ వంశంలోనిదే. 2004లో జొనాథన్ క్యూ టెక్‌కు యూనికోడ్‌నూ, అక్షరాలు కలిసే నియమాలు తమలోనే ఉండే ఓపెన్‌టైప్ ఫాంట్లనూ జోడించి దాన్ని విడుదల చేశారు. దానికి సొంత మూల ఫైలు ఉన్నా, యంత్రాలకు తగినట్టు చేసే మార్పులు ఇప్పటికీ మార్పుల ఫైలులోనే ఉంటాయి. 2013లో వత్తులను, గుణింతాలను అమర్చే లోపలి భాగాన్ని తీసివేసి దాని స్థానంలో అదే పని చేసే హార్ఫ్‌బజ్ అనే మరో ప్రోగ్రామును పెట్టారు. అంత పెద్ద మార్పు జరిగినా వాడేవారు తమ పాత ఫైళ్లను తిరిగి కంపోజ్ చేయనక్కరలేకపోయింది. సోర్స్ కోడ్ అందరి చేతిలో ఉండడం వల్ల వచ్చే లాభం ఇదే. మొదట రాసినవారే ఎప్పటికీ చూసుకోవలసిన అవసరం ఉండదు.

ఇక మన లిపికి ఏం మార్చాలన్న ప్రశ్న. చాలా సందర్భాలలో ప్రోగ్రాం లోపలి కోడ్ ముట్టుకోనవసరం లేదు, పైనుండే మాక్రోలు (వాడేవారు రాసుకునే ఆదేశాల కట్టలు), మాటను ఎక్కడ విరిచి హైఫన్ పెట్టాలో చెప్పే నమూనాలు సవరిస్తే సరిపోతుంది. సన్నని కాలమ్‌లలో మాటల మధ్య నదీపాయల్లాంటి ఖాళీలు మీ పాఠకులందరూ చూసే ఉంటారు. సంధులు, సమాసాలు కలిసి మన మాటలు పొడుగవుతాయి, వాటిని ఎక్కడ విరవాలో ప్రోగ్రాముకు తెలియదు, రెండు అంచులూ సమం చేయాలి కాబట్టి ఖాళీలను సాగదీస్తుంది. టెక్ ఒక్కొక్క పంక్తిని విడిగా కాక పేరా మొత్తాన్ని చూసి పంక్తులు విరుస్తుంది. దానికి తెలుగు, ఒడియా నమూనాలు రెండూ ఇప్పటికే ఉన్నాయి. కాని హైఫన్‌కు ముందు, తరువాత కనీసం ఎన్ని అక్షరాలు మిగలాలన్న లెక్క యూనికోడ్ సంకేతాలలో జరుగుతుంది. మనం ఒక్క అక్షరంగా చదివే ‘స్త్రీ’ దాని లెక్కలో ఆరు. ‘కా’ రెండు, అంటే కనీసం రెండు అన్న షరతు ‘కా’ ఒక్కదానితోనే తీరిపోయి, అది పంక్తి చివర ఒంటరిగా మిగలవచ్చు. ఇక్కడ మాక్రోలతో సర్దుకోవడం కన్నా, అక్షరాన్ని గుర్తించి లెక్కపెట్టేలా కోడ్‌లోనే మార్పు రాయడం మేలని నా అభిప్రాయం.

సరిహద్దు పనులలో మరొక చిక్కు ఉంది. ఒడియా వాక్యం చివర వచ్చే నిలువు గీతకు యూనికోడ్‌లో ఒడియా విభాగంలో స్థానం లేదు, దేవనాగరి విభాగంలో ఉన్నదాన్నే వాడుకోవాలి. విభాగాన్ని బట్టి దానంతటదే ఫాంటు మార్చే మాక్రోలు ఆ ఒక్క గీత కోసం దేవనాగరి ఫాంటుకు పోతాయి, గీత పక్క అక్షరాల కన్నా సన్నగానో పొడుగ్గానో పడుతుంది. సవరణ రెండు పంక్తులే, కాని ప్రతి ప్రెస్సూ విడివిడిగా ఆ రెండు పంక్తులు కనుక్కోవలసి వస్తోంది.

కాబట్టి నా విన్నపం ఇది. తెలుగు విశ్వవిద్యాలయాలు గాని, అకాడమీలు గాని, ప్రభుత్వం గాని కంపోజింగ్ సాఫ్ట్‌వేర్‌కు డబ్బు ఇచ్చేటప్పుడు సోర్స్ కోడ్, దానిని మార్చి పంచుకునే హక్కు, మార్పులను మూలం నుంచి వేరుగా ఉంచే నియమం ఒప్పందంలో రాయించుకోవాలి. ట్రిప్ పరీక్ష వంటిదే తెలుగుకు ఒకటి కావాలి. ‘ఉత్ప్రేక్ష’, ‘వాఙ్మయం’ వంటి మాటలు, తరువాతి అక్షరంతో జోడించని పొల్లు ఉండవలసిన ‘సాఫ్ట్‌వేర్’ వంటి అరువు మాటలు, ఒడియా పక్కన తెలుగు వచ్చే పంక్తులు అందులో ఉండాలి. ప్రతి కొత్త వెర్షన్‌తో ఆ పేజీని అచ్చువేసి పాతదానితో పోల్చాలి. ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు చివరి సంవత్సరం ప్రాజెక్టులుగా చేయగల పని ఇది. మీ పత్రిక విషయానికి వస్తే, మీ ప్రూఫ్ రీడర్లు పంక్తి చివర చేత్తో దిద్దిన మాటల జాబితా మీ దగ్గర ఉండే ఉంటుంది. దాన్ని బహిరంగంగా విడుదల చేస్తే హైఫన్ నమూనాలు సవరించేవారికి అంతకు మించిన ముడిసరుకు దొరకదు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక ప్రెస్సు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా