గట్లకు నిప్పు పెట్టొద్దు

సంపాదకుడు గారికి,

ముంగారు వానలకు ముందు మా కళ్యాణదుర్గం వైపు ఎక్కడ చూసినా పొలం గట్లు నల్లగా మాడి ఉన్నాయి. నిప్పు పెట్టని చోట గడ్డిమందు కొడుతున్నారు. వంకల వెంబడి, చెరువు కట్టల మీద ఉపాధి పనుల్లో జంగిల్ క్లియరెన్స్ అని పొదలన్నీ నరికేస్తున్నారు. ఇలా చేస్తే పురుగు చస్తుందని రైతుల నమ్మకం. చస్తున్నది ఏ పురుగో ఆలోచించాలి.

శనక్కాయను నాశనం చేసే ఎర్ర గొంగళి పురుగు ఎండాకాలమంతా కోశంగా (రెక్కల పురుగు కాకముందు కదలకుండా ఉండే దశలో) మట్టి లోపల ఉంటుంది. పైపైన పోయే మంట దాన్ని ఏమీ చేయలేదు. తొలి వాన పడగానే రెక్కల పురుగై బయటికొస్తుంది. ఎండుగడ్డిలో, పొదల్లో తలదాచుకున్న అక్షింతల పురుగులు, గొల్లభామలు, సాలీళ్లు మాత్రం మాడిపోతాయి. పేనుబంకను, చిన్న పురుగులను తిని పైరును కాసేవి అవే కదా! గొంగళికి వేసవి దుక్కులే మందు. కోశాలు పైకి తేలితే కాకులు, గోరింకలు ఏరుకు తింటాయి.

అలాగని గట్టు మీద మొలిచిందల్లా ఉంచమనడం లేదు. 2000 ఖరీఫ్‌ను అనంతపురం రైతు మరిచిపోలేదు. కాండం కుళ్లు వైరస్ తెగులు ఆ ఏడు సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను దెబ్బతీసింది. ఆ వైరస్ వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు అనే సన్నని రసం పీల్చే పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని వచ్చి లేత ఆకులను గీకుతాయి, ఆ గాట్లలో నుంచి వైరస్ మొక్కలోకి దిగుతుంది. అంటే జబ్బు మొదలయ్యేది గట్టు మీద, బీడులో, రోడ్డు పక్కన. వయ్యారిభామను పూతకు రాకముందే వేళ్లతో సహా పీకాలి. చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని సాళ్లు ఒత్తుగా వేస్తే తామర పురుగులు లోపలికి రావడం తగ్గుతుంది.

తుమ్మి, రేగు, గానుగ, వేప మాత్రం ఉండాలి. బోరు కింద కర్బూజ, కళింగర వేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఆ తీగల పుప్పొడి జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. తేనెటీగ వాలకపోతే పిందె నిలవదు, నిలిచినా కాయ వంకరపోతుంది. మరి తీగ పూతకు వచ్చేదాకా ఆ ఈగలు ఏం తిని బతకాలి? నేలలో బొరియ చేసుకొని గుడ్లు పెట్టే ఈగలూ ఉన్నాయి. వాటికి దున్నని చోటు గట్టే.

పొదలు మొత్తం నరికే పనిని అధికారులు ఆపించాలి. దాని బదులు వయ్యారిభామ పీకడాన్ని పనిగా లెక్కగట్టి కూలి ఇవ్వాలి. ఆ మొక్క తగిలితే ఒంటికి దద్దుర్లు, కొందరికి ఆయాసం వస్తాయి కాబట్టి కూలీలకు చేతి తొడుగులు, ముక్కుకు గుడ్డ ఇవ్వాలి. రైతు సేవా కేంద్రాల సిబ్బంది విత్తనాల పంపిణీ రోజునే, రైతులంతా ఒకచోట ఉన్నప్పుడు, ఏ మొక్క పీకాలో ఏది ఉంచాలో గట్టు మీద నిలబడి చూపించాలి. ఈ ఏడు విత్తుకు ముందే ఇది జరగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా