బుజ్జిబాబు నిద్ర గురించి

గుంటూరు, బ్రాడీపేట

చిరంజీవి సౌభాగ్యవతి లలితకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. ఆవకాయ జాడీలకు వాసెన కట్టడం నిన్నటితో పూర్తయింది. బుజ్జిబాబు కోసం కారం తగ్గించి మీ అమ్మ విడిగా కలిపింది. వాడు రాత్రిపూట ఏదో గమ్మీ, అదే జెల్లీ మిఠాయిలా ఉండే నిద్ర బిళ్ళ, నమిలితే తప్ప పడుకోవడం లేదని మొన్న మీ పెద్దత్త మాటల్లో అన్నది. మూడు వారాలుగా నువ్వు ఫోనులో ఆ ఊసే ఎత్తలేదు కనుక నిజమేనని అనుకుంటున్నాను.

నిన్ను తప్పు పట్టడం లేదమ్మా. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో నాలుగేళ్ళ పిల్లవాడు పదకొండింటి దాకా మేలుకుంటే ఎంత కష్టమో నాకు తెలుసు. అయితే అది మిఠాయి కాదు. అందులోని మెలటోనిన్, చీకటి పడగానే మన మెదడు తనంతట తాను తయారుచేసుకునే హార్మోను. అమెరికాలో దానిని మందుగా కాక ఆహార పూరకంగా అమ్ముతారు కనుక, అంగడికి రాకముందు ప్రభుత్వం పరీక్షించదు. 2023లో అక్కడి పరిశోధకులు 25 రకాల గమ్మీలను పరీక్షిస్తే, 22 రకాల్లో సీసా మీద వేసిన మోతాదుకూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. ఒకదానిలో దాదాపు మూడున్నర రెట్లు ఉంటే, మరొకదానిలో మెలటోనినే లేదు.

నీకొక సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు. నీకు ఏడాదిన్నర వయసప్పుడు మీ బాబాయి పెళ్ళికి తెనాలి వెళ్ళాము. విడిదింట్లో నువ్వు అర్ధరాత్రి దాకా ఏడుస్తుంటే ఒకావిడ జలుబు మందు సీసా తెచ్చి, ఒక్క చెంచా పోస్తే హాయిగా పడుకుంటుందని చెప్పింది. మీ అమ్మ వద్దంటున్నా వినకుండా నేనే పోశాను. తెల్లవారుజామున ముహూర్తానికి మేళం మోగినా నువ్వు కదలలేదు. చెయ్యి ఎత్తి వదిలితే గుడ్డముక్కలా జారిపోయింది. నీ గుండెల మీద అరచెయ్యి పెట్టుకుని మధ్యాహ్నం దాకా ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాను. తాళి కట్టడం చూడనే లేదు. ఆ మందులో ఉన్నది ప్రోమెథజైన్ అని తరువాత డాక్టరుగారు చెప్పారు. రెండేళ్ళలోపు పిల్లలకు దానివల్ల ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉందని 2004లో అమెరికాలో మందుతోపాటే గట్టి హెచ్చరిక అచ్చు వేయించారని చదివిన నాడు, రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు.

కాబట్టి పిల్లల డాక్టరును అడగకుండా వాడికి అది రోజూ ఇవ్వకు. సీసాను వంటింటి గట్టు మీద ఉంచక, తాళం వేసే అలమరలో పెట్టు. పిల్లలు మెలటోనిన్ మింగారని అక్కడి విషప్రమాద సహాయ కేంద్రాలకు 2012లో 8,337 కబుర్లు వస్తే, 2021లో 52,563 వచ్చాయి. తియ్యగా ఉన్న వస్తువును వాడు ఒకటితో ఆపుతాడా? పడుకునే గంట ముందే ఫోనూ టీవీ కట్టేసి, దీపం తగ్గించి, రోజూ ఒకే వేళకు పక్క వెయ్యి. మీ అమ్మ పాత నేతచీర ఒకటి పార్సెలులో పెట్టాను, కప్పి చూడు. అల్లుడుగారికీ ఈ ఉత్తరం చూపించు.

ఆదివారం ఫోను చేసేటప్పుడు ఆ సీసా చేతిలో ఉంచుకో. ఎన్ని మిల్లీగ్రాములో, ఎన్నాళ్ళుగా ఇస్తున్నారో నాకు చదివి చెప్పు.

మీ నాన్న